బంతి రెండు దగ్గరే ఉండాలి

పొద్దున ఏడు కావడానికి ఐదు నిమిషాల ముందు ఆవిడ ఛాతీ వార్డు తలుపు దగ్గర ఆగి, కళ్ళు మూసుకుని, ఒక్క నిమిషం నిలబడుతుంది. కొత్తగా చేరిన వాచ్‌మన్, ఆవిడ దేవుడికి దణ్ణం పెట్టుకుంటోందనుకుని, ఆ నిమిషంసేపూ తనూ టోపీ తీసి నిలబడేవాడు. వారం గడిచాక ఉండబట్టలేక అడిగాడు.

"ఏ దేవుడికి సిస్టర్ గారూ, రోజూ ఇంత భక్తిగా?"

"దేవుడూ లేదు, పాడూ లేదు. దగ్గులు వింటున్నానయ్యా. నాలుగో మంచం దగ్గు నిన్న పొడిగా ఉంది, ఇవాళ తడిసింది. పదకొండులో ఆయన గొంతులో ఈల మోగుతోంది. ఆరులో అసలు చప్పుడే లేదు, ముందు అక్కడికెళ్ళాలి. లోపల అడుగు పెట్టానంటే అందరూ ఒక్కసారి పలకరిస్తారు, ఇక ఏదీ వినపడి చావదు."

వాచ్‌మన్ టోపీ పెట్టుకున్నాడు.

ఆ ఆసుపత్రిలో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. అందరికీ ఆవిడ ఊదు సిస్టరే. పద్నాలుగు మంచాల వార్డులో రోజుకి వందసార్లు "ఊదు, ఊదు, ఇంకా ఊదు" అంటూ తిరిగే మనిషికి మరో పేరు ఎలా అతుకుతుంది? ఆయాసంతో వచ్చినవాళ్ళు గాలి పీల్చడానికే ఆత్రపడతారు. వదలడం మరిచిపోతారు. ఆవిడ వాళ్ళని మంచం అంచున కూర్చోబెట్టి, ముందు బల్ల జరిపి, బల్ల మీద దిండు వేసి, దాని మీదికి మోచేతులతో వాలమంటుంది. "పువ్వు వాసన చూసినట్టు ముక్కుతో పీల్చు. వేడి పాలు చల్లార్చినట్టు పెదాలు సున్నా చుట్టి ఊదు. పీల్చడం రెండంకెలు, ఊదడం నాలుగంకెలు. తొందరేం లేదు, పాలు నీవే, గ్లాసూ నీదే." ఎంత పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషైనా సరే, ఆవిడ ముందు పెదాలు సున్నా చుట్టాల్సిందే.

ఊపిరి కొలవడానికి డాక్టర్ల దగ్గర యంత్రాలున్నాయి. ఆవిడ కొలత వేరు. ఎవరి వృత్తి వాళ్ళ చేత చెప్పిస్తుంది. లెక్కల మాస్టారైతే పదమూడో ఎక్కం ఒక్క గుక్కలో ఎంతవరకు వెళ్తుందో చూస్తుంది. టైలరైతే కొలతలు వరసగా చెప్పాలి, మెడ, భుజం, ఛాతీ, నడుము, పొడవు. ఇదంతా రాసుకోవడానికి జేబులో ఒక చిన్న పుస్తకం. ఒకసారి ఛాతీ డాక్టరు ఆ పుస్తకం తెరిచి చూస్తే "టైలరు: నిన్న భుజం, ఇవాళ నడుము దాకా వచ్చాడు" అని ఉంది. ఆయన నవ్వు ఆపుకోలేక, "సిస్టర్, పేషెంటు మెరుగవుతున్నాడా, మునిగిపోతున్నాడా?" అన్నాడు. అయితే ఆ రోజు నుంచీ రౌండ్స్‌లో యంత్రం కాగితం చూశాక, "మీ పుస్తకం ఏమంటోంది?" అని అడగడం మాత్రం మానలేదు.

ఈ విద్య ఆవిడకి నర్సింగు స్కూల్లో ఎవరూ నేర్పలేదు. పుట్టిన ఇంట్లో రెండు గదులు, ఒకటే కిటికీ. ఆ కిటికీ అమ్మది. అమ్మకి ఉబ్బసం. చలిగాలి తిరిగిందంటే మూడు దిండ్లు ఆనుకుని కిటికీ పక్కన కూర్చునేది. ఆయాసం వచ్చిన రోజు అమ్మ తిట్లు కూడా వాయిదాల మీద వచ్చేవి. "ఎక్కడ... తిరిగొస్తున్నావే... చెప్పు... తీసుకుని..." వాక్యం పూర్తయ్యేసరికి కూతురు వీధి చివర ఉండేది. అమ్మ ఒక్క గుక్కలో గట్టిగా తిట్టిందంటే ఒళ్ళు బాగున్నట్టే. పదేళ్ళ పిల్లకి తెలిసిన వైద్యం అంతే. అందుకే బాగా తిట్లు తిన్న రోజుల్లో ఆ పిల్ల సంతోషంగా నిద్రపోయేది.

పెళ్ళయిన మూడో రోజున మొగుణ్ణి నిలబెట్టి ఒక్క గుక్కలో ఎంతవరకు లెక్కపెట్టగలడో చూసింది. ఆయన బోర్డులు రాసే పెయింటరు, నిచ్చెనలెక్కే మనిషి. ముప్ఫై ఒకటి దగ్గర ఆగిపోయాడు.

"రోజుకి ఎన్ని తాగుతారు?" అంది.

"ఏమిటి, మంచినీళ్ళా?" అన్నాడాయన, ఇంటి కప్పు వైపు చూస్తూ.

"నీళ్ళయితే గ్లాసుల్లో అడిగేదాన్ని కదా."

ఏడాది తిరక్కుండా ఆయన యాభై రెండుకి వచ్చాడు. సిగరెట్టు మానేసిన గొప్ప మాత్రం నలుగురిలో తనదేనని చెప్పుకుంటాడు. ఆవిడ కాదనదు.

ఇలా పదిహేడేళ్ళు ఆ వార్డులో ఆవిడ మాటకి ఎదురు లేకుండా గడిచిపోయాయి. అప్పుడు వచ్చాడు, తొమ్మిదో నంబరు మంచానికి, కండక్టరు.

ముప్ఫై రెండేళ్ళు ఒకే రూటు బస్సులో పనిచేసి దిగిన మనిషి. పొగ కొంత ఆయన తాగింది, కొంత బస్సు తాగించింది. ఊపిరితిత్తులు పాత సంచుల్లా సాగిపోయాయని, ఇది పూర్తిగా నయమయ్యేది కాదు గానీ జాగ్రత్తగా ఉంటే హాయిగా బతకొచ్చని డాక్టరు చెప్పాడు. చేరిన రోజున ఊదు సిస్టరు అడిగింది.

"బాబాయ్, మీ బస్సు స్టాపులు వరసగా చెప్పండి, ఒక్క గుక్కలో."

"ఎందుకమ్మా, ఎక్కుతావా?"

"ఎక్కను. మీరెక్కడ దిగిపోతారో చూస్తాను."

"పోస్టాఫీసు, పాల డిపో, పెద్ద వంతెన..." అక్కడికి దగ్గు తన్నుకొచ్చింది. రూటులో మొత్తం ఇరవై ఆరు స్టాపులు. ఆవిడ పుస్తకంలో "కండక్టరు: వంతెన" అని రాసుకుంది. నాలుగు రోజులకి "కూరగాయల మార్కెట్టు", వారానికి "ఆడపిల్లల కాలేజీ". అంటే తొమ్మిది స్టాపులు. కండక్టరుకి హుషారొచ్చి, వార్డులో ఎవరైనా మంచం దిగుతుంటే "రైట్ రైట్" అనడం మొదలుపెట్టాడు.

ఆయనకి ఒక్కతే కూతురు. కోర్టులో టైపిస్టు. తల్లి లేదు, పెళ్ళి ఊసెత్తితే నాన్నని చూపించి నోరు మూయిస్తుంది. రోజూ నాలుగింటికి కోర్టు నుంచి తిన్నగా ఫ్లాస్కుతో వచ్చేది. వచ్చిన మొదటిరోజే ఆ పిల్ల కంటపడింది గోడ మీది గాజు గొట్టం.

ప్రతి మంచం వెనకా గోడకి ఒక గాజు గొట్టం బిగించి ఉంటుంది. అందులో గోళీ అంత బంతి. కింద మర తిప్పితే ఆక్సిజన్ వస్తుంది, ఎంత వస్తోందో బంతి పైకి లేచి చూపిస్తుంది. కండక్టరు బంతి రెండు దగ్గర ఉంది. పక్క మంచం మీద నిమోనియాతో ఉన్న కుర్ర డ్రైవరు బంతి ఆరు దగ్గర ఉంది.

"సిస్టర్, మా నాన్నకి రెండు, ఆయనకి ఆరా?"

"ఎవరికెంత కావాలో అంతేనమ్మా."

"వేలికి పెట్టిన మిషన్లో కూడా మా నాన్నకి ఎనభై తొమ్మిదే వస్తోంది. ఆయనకి తొంభై ఏడు."

"మీ నాన్నగారికి ఎనభై ఎనిమిది దాటితే ఫస్ట్ క్లాసే. తొంభై రెండు దాటకూడదు. నువ్వు కంగారు పడకు." అని ఊదు సిస్టరు వేరే మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. ఊపిరి సలపని పనిలో ఉంది. ఆ తర్వాతి మాట చెప్పనేలేదు.

చెప్పి ఉండాల్సిన మాట పెద్దదేం కాదు. నిమోనియా కుర్రాడి ఊపిరితిత్తులు మొన్నటిదాకా బాగున్నవి, ఎంత ఇస్తే అంత వాడుకుంటాయి. కండక్టరువి ఏళ్ళ తరబడి పాడైనవి. వాటికి మంచిగాలి లోపలికి పోవడం కంటే చెడుగాలి బయటికి రావడం కష్టం. అలాంటివాళ్ళకి ఆక్సిజన్ మోతాదు మించితే చెడుగాలి లోపలే పేరుకుని మత్తు కమ్ముతుంది. ఆవిడకి ఇది ఎంత తెలిసిన సంగతంటే, తెలియనివాళ్ళు ఉంటారన్న సంగతి మరిచిపోయింది.

టైపిస్టు మాత్రం దీన్ని పంక్తిలో వలపక్షం అనుకుంది. అడిగేవాళ్ళు లేరనేగా మా నాన్నకి తక్కువ వడ్డిస్తున్నారు! ఆ రోజు నుంచి ఫ్లాస్కు మూత తీసినంత మామూలుగా మర కాస్త తిప్పి, వెళ్ళేటప్పుడు కాస్త తగ్గించేది. రెండుసార్లు బంతి మూడు దగ్గర కనిపిస్తే ఊదు సిస్టరు కొత్త నర్సు మీద విసుక్కుంది. తర్వాత గొట్టం మీద తెల్లటి ప్లాస్టరు ముక్క అంటించి, రెండు దగ్గర పెన్నుతో గీత గీసింది. గీత గీస్తే సరిపోతుందనుకుంది.

మంగళవారం టైపిస్టు మూడింటికే వచ్చింది. నాలుగున్నరకి ఊదు సిస్టరు మందుల ట్రాలీతో వచ్చేసరికి కండక్టరు గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు. బుగ్గలు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. కూతురు పక్కన కూర్చుని వెలిగిపోతోంది.

"ష్! లేపకండి సిస్టర్. పదిరోజుల తర్వాత ఇప్పుడే కంటినిండా నిద్రపోతున్నారు. నంబరు చూడండి, తొంభై ఎనిమిది!"

బంతి ఆరు దగ్గర ఉంది.

ఊదు సిస్టరు ట్రాలీ వదిలేసింది. చెయ్యి పట్టుకుంటే వెచ్చగా, చెమటగా ఉంది. భుజం తట్టి, "బాబాయ్! స్టాపులు చెప్పండి, స్టాపులు!" అంది. ఆయన కళ్ళు సగం తెరిచాడు. "పోస్టాఫీసు... పాల... పోస్టాఫీసు..." మళ్ళీ గుర్రు. చెయ్యి ముందుకు చాపించి పట్టుకుంటే, వేళ్ళు పక్షి రెక్కల్లా టపటప కొట్టుకున్నాయి.

ఆవిడ మర తిప్పి బంతిని కిందికి దించింది. టైపిస్టు ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఏంటి తీసేస్తున్నారు? ఆయన కంటినిండా నిద్రపోతుంటే చూడలేకపోతున్నారా?"

"తీసెయ్యలేదు, తగ్గించాను. వదులు."

"వదలను! ఎవరి సొమ్మని..."

"మీ నాన్నని నువ్వే చంపుకుంటావా?"

వార్డు మొత్తం విన్నది. దగ్గులు కూడా ఆగాయి. ఆ పిల్ల చెయ్యి వదిలేసింది.

తర్వాతదంతా చకచకా జరిగింది. డాక్టరు పరుగున వచ్చాడు, ముక్కూ నోరూ మూసే మాస్కు తగిలించి, ఊపిరిని లోపలికి తోసి బయటికి లాగే మిషను పెట్టారు. డాక్టరు కూతురితో రెండు ముక్కలు చెప్పాడు, అందులో ఒకటిన్నర ఇంగ్లీషు. తెల్లారేసరికి కండక్టరు కళ్ళు తెరిచి, "ఏ స్టాపు?" అన్నాడు.

కానీ అప్పటికే ఫిర్యాదు వెళ్ళిపోయింది. కోర్టు టైపిస్టు రాసిన ఫిర్యాదంటే మాటలా? ఏడు పేరాలు, పక్కన ఖాళీ వదిలి, ఒక్క అచ్చుతప్పు లేకుండా, మూడు ప్రతులు. మూడో పేరాలో రోగికి చాలినంత ఆక్సిజన్ ఇవ్వకపోవడం వల్ల తానే పెంచుకోవలసి వచ్చిందని ఉంది. నాలుగో పేరాలో ఊదు సిస్టరు అన్న మాట, ఉన్నదున్నట్టు, కొటేషన్లలో.

బుధవారం పెద్ద సిస్టరు పిలిచింది. ముప్ఫై ఏళ్ళుగా అందరి తగాదాలూ తీర్చి తీర్చి గొంతు బొంగురుపోయిన మనిషి.

"మూడో పేరాకి డాక్టరు జవాబు చెబుతాడు. నాలుగో పేరాకి ఎవరు చెప్పాలి? అన్నావా లేదా?"

"అన్నాను."

"కాలు జారితే తీసుకోగలంగానీ నోరు జారితే తీసుకోగలమా? శుక్రవారం విచారణ. అందాకా బట్టల గదిలో కూర్చో. ఆ తర్వాత కూడా అక్కడే కూర్చోబెట్టినా నేను చెయ్యగలిగిందేం లేదు. పోనీ ఆ పిల్లకి ఒక క్షమాపణ పారెయ్యి."

"నేను చేసింది తప్పు కాదు. ఎందుకు చెప్పాలి?"

"అయితే దుప్పట్లు లెక్కపెట్టుకో."

బట్టల గది నేల కింది అంతస్తులో ఉంది. ఇస్త్రీ వాసన, మడతల మీద మడతలు, ఒక పాత ఫ్యాను. ఎవరూ దగ్గరు, ఎవరూ ఈల వెయ్యరు. మధ్యాహ్నానికి ఆవిడకి పిచ్చెక్కినట్టయింది. దుప్పట్లకి ఊదమని చెప్పడం కుదరదు కదా! ఛాతీ వార్డు లేకుండా మిగిలిన సర్వీసంతా గడపాలంటే ఎలాగుంటుందో ఆ ఒక్క పూటలోనే తెలిసొచ్చింది. నర్సునన్న మాట మీద కంటే, ఊదు సిస్టరునన్న మాట మీద బతుకుతున్నానని అక్కడ, తలగడ గలీబుల మధ్య అర్థమైంది.

సాయంత్రం ఇంట్లో జరిగిందంతా చెప్పింది. మొగుడు కుంచెలు కడుగుతూ విన్నాడు.

"ఆ పిల్ల మర ఎందుకు తిప్పింది?"

"తెలియక."

"తెలియజెప్పాల్సిందెవరు?"

"గీత గీశానుగా!"

"గీత దేనికో చెప్పావా? నేను బోర్డు మీద బాణం గీసి, కింద ఏమీ రాయకుండా నిచ్చెన దిగితే షాపువాడు ఊరుకుంటాడా?"

ఆవిడ "మీ బోర్డుల పోలికలు మీరూనూ," అని లోపలికి వెళ్ళిపోయింది. కోపం వచ్చిందంటే మాట తగిలిందన్నమాట. పదిహేడేళ్ళూ రోగులకే నేర్పింది. మందులిచ్చే గంటలో నర్సు ఉంటుంది, మిగిలిన ఇరవై మూడు గంటలూ పక్కన ఉండేది కూతుళ్ళు, భార్యలు, తమ్ముళ్ళు. వాళ్ళని ఎప్పుడూ "కాస్త అడ్డు తప్పుకోండి" అనడమే.

గురువారం నాలుగింటికి బట్టల గదికి తాళం వేసి, క్యాంటీనులో ఒక స్ట్రా అడిగి తీసుకుని, మెట్లెక్కి ఛాతీ వార్డుకి వెళ్ళింది. కండక్టరు దిండు మీదికి వాలి కూర్చున్నాడు, బంతి రెండు దగ్గర. టైపిస్టు ఆవిణ్ణి చూసి లేచి నిలబడింది.

"నేను ఫిర్యాదు వెనక్కి తీసుకోను."

"తీసుకోమని రాలేదమ్మాయ్. నేనన్న మాట అనకూడనిది. అందరి ముందూ అన్నాను కాబట్టి, అందరి ముందూ చెబుతున్నా. తప్పు నాదే."

పక్క మంచం కుర్రాడు చెవులు రిక్కించాడు. టైపిస్టు దీనికి సిద్ధపడి రాలేదు.

"మరి నాన్నకి ఎందుకు తక్కువ ఇస్తున్నారో ఎవరూ సరిగ్గా చెప్పరేం?"

"అదే చెబుదామని వచ్చాను. ఇదిగో స్ట్రా. ముక్కు మూసుకుని, దీంతోనే పీల్చి, దీంతోనే వదులుతూ, ఈ వార్డు చివరిదాకా వెళ్ళిరా. చురుగ్గా నడవాలి. భరించలేకపోతే తీసెయ్యి."

ఆ పిల్ల అనుమానంగా తీసుకుంది. వెళ్ళేటప్పుడు బాగానే వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు పదో మంచం దగ్గర స్ట్రా లాగేసి, బల్ల పట్టుకుని రొప్పింది.

"ఏది కష్టమైంది, పీల్చడమా, వదలడమా?"

"వదలడం," అంది రొప్పుతూనే. "లోపల ఇంకా ఉండగానే మళ్ళీ పీల్చాల్సొస్తోంది."

"మీ నాన్న పరిస్థితి అదే, రోజంతా."

కండక్టరు చెయ్యెత్తాడు.

"ఆగమ్మా సిస్టరూ, దీనికి నేను చెబితేనే ఎక్కుతుంది. ఒసే బుజ్జీ, బస్సు నిండా జనం ఉన్నారు. వెనక తలుపు బిగుసుకుపోయింది, ఒక్కొక్కరే... మెల్లిగా దిగుతున్నారు. అప్పుడు నువ్వు ముందు తలుపు దగ్గర నిలబడి... ఎక్కండి ఎక్కండి అని ఆరుగురిని తోశావనుకో, ఏమవుతుంది?"

"లోపలివాళ్ళు నలిగిపోతారు."

"డ్రైవరు కూడా కళ్ళు తేలేస్తాడు. మంగళవారం నేను తేలేసింది అందుకే. అదేం నిద్ర కాదే తల్లీ, ఓవర్‌లోడు."

టైపిస్టు గాజు గొట్టం వైపు చూసింది, నాన్న వైపు చూసింది, కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. "నేను నిజంగానే..."

"ఆ మాట మళ్ళీ ఎవరూ అనక్కర్లేదు," అంది ఊదు సిస్టరు. "నాకు తెలిసి కూడా నీకు చెప్పకపోవడం ఇంకా పెద్ద తప్పు."

"అయినా కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడలేదుగా," అన్నాడు కండక్టరు. "ఇంకా తిట్టగలుగుతున్నాను. ఫ్లాస్కు ఇలా ఇవ్వు."

శుక్రవారం విచారణకి టైపిస్టు ఒక కొత్త కాగితంతో వచ్చింది, అదీ మూడు ప్రతులే. సూపరింటెండెంటు, పెద్ద సిస్టరు, ఛాతీ డాక్టరు కూర్చుని ఉన్నారు. ఆ పిల్ల నిలబడి చదివింది.

"మూడో పేరా నా తప్పు, దాన్ని కొట్టేయవలసిందిగా కోరుతున్నాను. నాలుగో పేరా జరిగిన విషయమే కాబట్టి ఉండాలి. ఎనిమిదో పేరా కొత్తది. ఆక్సిజన్ ఎందుకు తక్కువ ఇస్తున్నారో నాకు మొదటిరోజే ఎవరైనా పావుగంట కూర్చోబెట్టి చెప్పి ఉంటే నాలుగో పేరా వచ్చేదే కాదు. కాబట్టి సదరు సిస్టరును సదరు వార్డులోనే ఉంచి, రోగుల వెంట వచ్చేవాళ్ళకి ఇది రోజూ చెప్పించవలసిందిగా ప్రార్థన."

సూపరింటెండెంటు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఏమంటారు సిస్టర్? నాలుగో పేరాకి మందలింపు తప్పదు."

"ఇవ్వండి సార్," అంది ఊదు సిస్టరు. "ఎనిమిదో పేరా కూడా ఇవ్వండి."

పెద్ద సిస్టరు బట్టల గది తాళంచెవి కోసం చెయ్యి చాపింది. "దుప్పట్లు ఎన్నున్నాయో లెక్కపెట్టావా?"

"మూడువందల పన్నెండు. పదకొండింటికి చిరుగులున్నాయి."

"రెండురోజుల్లో ఆ గదికి ఇంత మేలు ఎవరూ చెయ్యలేదు," అంది పెద్ద సిస్టరు, కొంచెం దిగులుగానే.

పన్నెండు రోజుల తర్వాత కండక్టరు ఇంటికి వెళ్ళాడు, ఇంట్లో పెట్టుకునే చిన్న ఆక్సిజన్ మిషనుతో, దాని మీద కూతురు టైపు చేసి అంటించిన హెచ్చరికతో. మిషను మర జోలికి ఇప్పుడు ఆయన్నే రానివ్వదట.

ఇదంతా జరిగి మూడేళ్ళు. ఊదు సిస్టరుకి యాభై ఒకటి నిండాయి. మందలింపు కాగితం ఆవిడ సర్వీసు రిజిస్టరులో ఉంది. ఛాతీ వార్డు చివర ఉన్న ఖాళీ గదిలో ఎనిమిది కుర్చీలు, ఒక గాజు గొట్టం, ఒక స్ట్రాల డబ్బా పెట్టుకుని, రోజూ నాలుగు నుంచి నాలుగున్నర దాకా రోగుల వెంట వచ్చినవాళ్ళకి పాఠం చెబుతుంది. ఆదివారం మాత్రం సెలవు.